రేకు ముందా, ఇంజను ముందా

మా ఇంటి మీద దేవుడికి ప్రత్యేకంగా ఏదో కోపం ఉందని నేను చాలాకాలం నమ్మాను. అంబాసిడర్ కొన్న ఏడు ఆ నమ్మకం మరీ గట్టిపడింది.

కారు కొన్నానంటే జనం ఏదేదో ఊహించుకుంటారు. అది మొదట గనుల్లో ఎవరో ఆఫీసరుది. ఆయన బదిలీ అయిపోతూ గుమాస్తాకి వదిలాడు. గుమాస్తా విసిగిపోయి కిరాణా సేఠ్‌కి అంటగట్టాడు. సేఠ్ దాంట్లో ఉల్లిపాయల బస్తాలు మోయించి, అది ఉల్లిపాయలకి కూడా పనికిరాదని తేలాక నాకు అమ్మాడు. దాని అసలు రంగేమిటో సేఠ్‌కీ తెలియదు. మేముండే గనుల ఊరు కిరండూల్‌లో దేనికైనా రెండేళ్లలో ఒకటే రంగు వస్తుంది. పైన బైలాడీలా కొండ మీద ఇనుప రాయి తవ్వుతారు, ఆ దుమ్ము దిగివచ్చి ఇళ్ల కప్పుల మీద, ఆరేసిన బట్టల మీద, గేదెల వీపుల మీద కూర్చుంటుంది. ఎండ కాస్తే ఎర్ర దుమ్ము, వాన పడితే ఎర్ర బురద. ఏది దుమ్మో ఏది తుప్పో చూసి చెప్పగల మగాడు ఆ ఊళ్లో లేడు. చెప్పగల ఆడది ఒకతె ఉంది గాని, ఆవిడ నా పెళ్లాం కావడం వల్ల నేను వినలేదు.

కారు కొనాల్సిన అవసరం కలిగించిన మనిషి రామ్మూర్తిగారు. కాంట్రాక్టరు. మాలాగే విజయనగరం వైపు నుంచి వచ్చి, మాలాగా కాకుండా బాగుపడ్డాడు. ఆయన టిప్పరు నేను ఏళ్ల తరబడి నడిపాను. ఆ వేసవిలో ఒకరోజు, బ్రేకు సరిగ్గా పట్టడం లేదండీ, కొండ దిగే బండికి ఇలా కుదరదు అన్నాను. వరండాలో అందరి ముందూ ఆయన నవ్వాడు.

“ఆరో క్లాసు గట్టెక్కనోడివి, నాకు మెకానిక్కు పాఠం చెప్తున్నావేటోయ్ రాజూ? నీ పని స్టీరింగు తిప్పడం. తిప్పు.”

నేను తాళాలు వరండా మెట్టు మీద పెట్టి వచ్చేశాను. ముఖాన విసిరికొట్టానని తరవాత బజార్లో చెప్పుకున్నాను గాని, పెట్టాను. ఆయన వెనక నుంచి ఒక్కటే మాట అన్నాడు.

“దసరాకి వస్తావులే. సీటు ఖాళీగానే ఉంచుతాను.”

తిట్టి ఉంటే మర్చిపోయేవాణ్ణి. ఈ మాట మాత్రం అన్నం తింటున్నా గొంతులో తగిలేది. దసరా అంటే ఇక్కడ మామూలు పండగ కాదు. జగదల్‌పూర్‌లో రథం లాగుతారు, చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలిపోతాయి. బండి ఉన్నవాడికి కోతల కాలం అదే. అప్పటికి నా కారు రోడ్డు మీద ఉంటే నా బతుకు నాది. లేకపోతే మళ్లీ ఆ మెట్టు ఎక్కాలి, నోరు తెరిచి తాళాలు అడగాలి.

కారుకి రెండు జబ్బులు. పెట్రోలు తాగుతుంది, రేకు రాలుతుంది. నా దగ్గర మిగిలినదానితో ఏదో ఒక జబ్బుకే వైద్యం అవుతుంది. పెట్రోలు ఇంజను దించేసి డీజిలు ఇంజను ఎక్కించడమా, తుప్పు తినేసిన రేకు కోయించి కొత్తది అతికించడమా?

డీజిలు వైపు మాట్లాడేవాడు ఏలియా. మా పక్కింటివాడు, రైల్వేలో ఫిట్టరు. పెళ్లయిన కొత్తలో సాలూరు నుంచి వచ్చాడు. ఈ లైను మీద డీజిలు ఇంజన్లు తిరిగిన రోజుల్లో ఆయన చేతికి నూనె ఆరేది కాదు. కరెంటు తీగలు వచ్చాక మనిషిలో కళ తప్పింది. “చప్పుడు లేని ఇంజను ఇంజనేనేటి బావా? దొంగలాగొస్తాది, దొంగలాగెళిపోతాది,” అనేవాడు. వాళ్ల చర్చి ప్రార్థనలో కూడా ఆయన పాట ఎత్తుకుంటే గొంతు మొదట రెండుసార్లు దగ్గి, పొగ వదిలి, అప్పుడు అందుకునేది.

ఆషాఢంలో ఒక సాయంత్రం మా వాకిట్లో పంచాయితీ పెట్టాం. వాన చూరు మీంచి కారుతోంది. కారు ఎదురుగా నిలబడి, మేము ఎవరి గురించి మాట్లాడుకుంటున్నామో తనకి తెలియనట్టు తడుస్తోంది.

“డీజిలు వేసీ బావా,” అన్నాడు ఏలియా. “పెట్రోలుతో జగదల్‌పూర్ వెళ్లొచ్చీసరికి పాసింజర్లిచ్చింది బంకోడికే సరిపోద్ది. డీజిలైతే వాసన చూపించు చాలు, నడిచిపోద్ది.”

మా ఆవిడ దేవుడమ్మ గడపలో కూర్చుని బియ్యం చెరుగుతోంది. చాట ఆపకుండానే అంది.

“ఏలియన్నా, ఇంజను కూకోడానికి బండుండాల కదా?”

“ఎదురుగా ఉన్నాది కదమ్మా బండి.”

“నాకు బురద కనిపిస్తన్నాది. బండి కనిపించట్లేదు.”

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా డ్రైవర్లలో ఒక పద్ధతి ఉండేది. బండి అడుగున పట్టిన బురదని ఎవరూ గీకరు. ఇనుప రాయి బురద పొరలు పొరలుగా పట్టి ఎండితే గచ్చులా బిగుసుకుంటుంది. అది ఉంటే వాన నీళ్లు రేకుని తాకవని, గీకితే బండికి ఆయుష్షు తగ్గుతుందని పెద్ద డ్రైవర్లు మాకు చెప్పారు, మేము చిన్న డ్రైవర్లకి చెప్పాం. పైన ఎంత కడిగినా కింద చెయ్యి పెట్టేవాళ్లం కాదు. అదే దేవుడమ్మకి విడమరిచి చెప్పాను.

“అది బురద కాదే. బండికి తొడిగిన చొక్కా.”

“సొక్కా లోపల మనిసున్నాడో లేడో సూసుకోవాల కాదేటి మావా?” అంది. “మొన్న బచేలీ ఎల్లినప్పుడు నా కాళ్ల కిందనించి నీళ్లు లేచినాయి. వొంగి సూత్తే రోడ్డు కనిపించినాది.”

“మంచిదే కదమ్మా,” అన్నాడు ఏలియా. “దారి తప్పరు.”

వాళ్లిద్దరూ నవ్వుకున్నారు. నేను నవ్వలేదు. ఆ రోజుల్లో నాకు ఆ అలవాటు లేదు. చివరికి డీజిలే అని తేల్చేశాం. తేల్చింది నేనూ ఏలియా. దేవుడమ్మ చాట విదిలించి లోపలికి వెళ్లిపోయింది.

శ్రావణంలో ఇంజను వచ్చింది. లోయలో పడిన ఒక వ్యానుది. వ్యాను ముద్దయిపోయినా ఇంజను మాత్రం గీత పడకుండా మిగిలిందని ఏలియా పాత ఇనుము కొట్లో పట్టాడు. లారీ నుంచి దించి, మా వసారాలో పాత రైలు స్లీపరు దుంగల మీద కూర్చోబెట్టాం. ఆ రాత్రి ఏలియా దాని పక్కన మంచం వేసుకుని పడుకున్నాడంటే నమ్మండి. ఇంట్లో నేను జ్వరంతో మూలిగినా ఎవరూ అలా పక్కన పడుకోలేదు.

మర్నాడు బ్యాటరీ తగిలించి, డబ్బాలో డీజిలు పోసి తిప్పాడు. ఒక్కసారి గురక పెట్టి అందుకుంది. పెంకులు కదిలాయి. కోళ్లు గోడ దూకాయి. గూట్లో ఉన్న గ్లాసులు ఒకదానివెంట ఒకటి అంచుకి నడుచుకుంటూ వచ్చాయి. ఏలియా కళ్లు మూసుకుని, చెంపలమీద నీళ్లు కారుతుండగా ఏదో అరిచాడు. దేవుడమ్మ వంటింటి గుమ్మంలోంచి చేతులు తిప్పుతూ ఏదో అంది. నాకు వాళ్లిద్దరి మాటా వినపడలేదు. ఇల్లు కట్టుకున్నాక మొదటిసారి నా ప్రాణానికి హాయిగా అనిపించింది.

కారులో ఎక్కించడం మాత్రం విశ్వకర్మ పూజ దాకా ఆగాలన్నారు. ఆ పూజ రోజున బైలాడీలా అంతా ఆగిపోతుంది. పైన గనిలో రాయి తవ్వే పెద్ద పెద్ద షవళ్ల దగ్గర్నుంచి కింద బజార్లో కుట్టు మిషన్ల దాకా అన్నిటికీ స్నానం, పసుపు కుంకం, బంతిపూల దండ. ఆ రోజున ఎవరూ యంత్రం తిప్పరు. కడిగి, దండం పెట్టి, బూందీ తింటారు. కొత్త ఇంజను ఎక్కే బండి కాబట్టి పైనా కిందా శుద్ధిగా కడిగించి తీరాలని దేవుడమ్మ పట్టు పట్టింది.

“కింద కడక్కూడదే,” అన్నాను.

“దేవుడి కాడికి సగం తానం సేసి ఎల్తావేటి?”

లారీలు కడిగే చోటికి వెళ్లి మాట్లాడి వచ్చాను.

పూజ నాడు వాన తెరిపి ఇచ్చింది. లారీలు కడిగే ర్యాంపు మీదకి కారు తోసి ఎక్కించాం. పక్కనే రామ్మూర్తిగారి టిప్పర్లు దండలు వేసుకుని వరసగా నిలబడి ఉన్నాయి. ఆయన పట్టుపంచె కట్టుకుని, కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. నన్ను చూసి తల ఊపాడు. నేను చూడనట్టు ఊరుకున్నాను.

నీళ్ల గొట్టం బుధ్రాం చేతిలో ఉంది. అతనికి ర్యాంపు పక్కనే రేకు పని షెడ్డు. హల్బీ ఇంటి భాష, హిందీ బజారు భాష. తెలుగు మాత్రం మా డ్రైవర్ల దగ్గర నేర్చుకున్నాడు, అందుకని అందులో సగం తిట్లే. గొట్టం తిప్పి కారు అడుక్కి పట్టాడు.

మొదట ఎర్ర నీళ్లు వచ్చాయి. తరవాత పెళ్లలు ఊడడం మొదలైంది. చిన్నవి, అరచేతంతవి, పళ్లెమంతవి. ధబ్బున ఒకటి పడ్డప్పుడల్లా చుట్టూ చేరినవాళ్లు “ఓహో” అన్నారు. నేను గర్వంగానే నిలబడ్డాను, చూడండి ఎంత చొక్కా తొడిగానో అని. ఇంతలో తలుపు అద్దంలోంచి చూస్తే వెనక సీటు కింద వెలుతురు కనిపించింది. వెలుతురు అక్కడ ఉండకూడదు. ఆ తరవాత డ్రైవరు సీటు ముందరి నేల, పైన పరిచిన రబ్బరు చాపతో సహా, నెమ్మదిగా, ఎవరికీ తొందర లేదన్నట్టుగా కిందికి దిగి ర్యాంపు మీద పడింది. అది రేకు కాదు. రేకు ఎప్పుడో పోయింది. ఇన్నాళ్లూ నేను కాళ్లు పెట్టింది ఆ గట్టి బురద మీద.

బుధ్రాం గొట్టం కట్టేశాడు.

“రాజు భయ్యా, ఇంకా కడగమంటవా? కడిగితే స్టీరింగు ఒకటే మిగుల్తది.”

అతను కిందికి దూరి, ఇంజను కూర్చునే చోట దూలంలాంటి రేకులోకి స్క్రూడ్రైవరు గుచ్చాడు. పిడి దాకా దిగిపోయింది. బయటికి వచ్చి, చేతులు తుడుచుకుంటూ తీర్పు చెప్పాడు.

“ఇక్కడ డీజిలు ఇంజను పెడితే ఇంజను రోడ్డు మీద ఉంటది. బండి ఇంటికి పోతది.”

ఏలియా ముఖం చూడలేకపోయాను. రామ్మూర్తిగారు కుర్చీలోంచి లేవలేదు. లేవాల్సిన అవసరం ఆయనకి ఎప్పుడూ రాలేదు.

“ఏటోయ్ రాజూ, కాలు కింద నేల కూడా నీ మాట వినలేదే!” అన్నాడు. “దసరా దగ్గరకొచ్చీసింది. సీటు ఖాళీయే.”

నా చెవులు కాలిపోతున్నాయి. దేవుడమ్మ కొబ్బరికాయ పళ్లెం ఏలియా చేతిలో పెట్టింది. క్రైస్తవుడు పాపం, కుంకం అంటకుండా దాన్ని వేడి పెనంలా చివర్లు పట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని, కారు తలుపు తీసి, డ్రైవరు సీట్లో కూర్చుంది. కాళ్లు రెండూ కన్నంలోంచి నేరుగా ర్యాంపు మీదకి ఆనాయి. వాటిని ఒకసారి చూసుకుంది. స్టీరింగు రెండు చేతులా పట్టుకుని నా వైపు తిరిగింది.

“మావా, నువ్వు తొయ్యక్కర్లేదు. నడిపించుకుంటా ఇంటికెళిపోదాం.”

ముందు బుధ్రాం నవ్వాడు. తరవాత టిప్పర్ల డ్రైవర్లు, తరవాత ర్యాంపంతా. ఎక్కడినుంచో నాకూ వచ్చింది. గోడకి ఆనుకుని, పొట్ట పట్టుకుని నవ్వాను. నా నవ్వు నాకే కొత్తగా ఉండి, ఎవరిదా అని చుట్టూ చూశాను కూడా. ఏలియా పళ్లెం ఒలకబోసుకున్నాడు. రామ్మూర్తిగారు ఒక్కడే నవ్వలేదు. ఆయన వేసిన జోకుని అప్పటికే అందరూ మర్చిపోయారు మరి.

నిజంగానే అలాగే ఇంటికి తెచ్చాం. మేము వెనక నుంచి తోస్తుంటే ఆవిడ స్టీరింగు తిప్పుతూ, కింద చెప్పులు టపటపలాడిస్తూ నడిచింది. బజారు మధ్యలో ఒక కానిస్టేబుల్ చేయెత్తి ఆపబోయి, కారు కింద నడుస్తున్న కాళ్లు చూసి చెయ్యి దించేశాడు.

నవ్వు ఆ పూటతో సరి. మర్నాటి నుంచి వాన మళ్లీ పట్టుకుంది. రేకు పనికి చేతిలో ఏమీ లేదు, ఉన్నదంతా ఇంజనై వసారాలో కూర్చుంది. అమ్మేద్దామంటే వానాకాలంలో కొనేవాడు లేడు. పసుపు కుంకం బొట్లతో, వాడిపోయిన దండతో అది నన్ను చూస్తూ ఉండేది, నేను దాన్ని చూస్తూ ఉండేవాణ్ణి. రామ్మూర్తిగారి దగ్గరికి ఏ ముఖంతో వెళ్లాలో అద్దంలో రిహార్సల్ చేసుకున్నాను కూడా.

అలా ఉండగా ఎర్రమ్మ వచ్చింది. భోపాల్‌పట్నం మనిషి, మా వీధి చివర చక్కీ, అంటే పిండి మర, ఆవిడది. వానలకి కరెంటు ఒకపూట సన్నగా, ఒకపూట విరగబడి రావడంతో ఆ నెలలోనే మోటారు కాలిపోయింది. వీధిలో జనమంతా గోధుమలు, జొన్నలు, ఇక్కడ మండియా అనే రాగులు గంపల్లో నెత్తిన పెట్టుకుని బచేలీ దాకా పోతున్నారు. ఆవిడ మా వసారాలో గొడుగు ముడిచి, ఇంజను చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది.

“ఏందే దేవుడమ్మా, గీ దయ్యం ఊకెనే కూసున్నదా?”

“పూజైతే సేసినాం వదినా. పనే సెప్పలేదు.”

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ చూపు నాకు నచ్చలేదు.

“అది కారు ఇంజను,” అన్నాను. “దానికో పరువుంది. పిండి మరకి కడతారా?”

దేవుడమ్మ నా మాటకి అడ్డు చెప్పలేదు, గొంతు కూడా పెంచలేదు. బియ్యంలో రాళ్లు ఏరినంత నిదానంగా చెప్పింది.

“కారుకి పాతింజనున్నాది, రేకు లేదు. ఎర్రమ్మొదిన మరకి ఇంజను లేదు. మర తిరిగితే వదినకీ నాకూ సెరిసగం. నా సగం పెట్టి దసరాలోగా నీకు రేకేయిస్తాను. నాకు పిండి కొలవడం వచ్చు, నలుగురితో మాటాడ్డం వచ్చు. నువ్వు కొంచెం లెగు, ఆ స్లీపరు మీద కూకున్నావు.”

లేచాను. పెద్ద నిర్ణయం ఏదైనా జరిగిందంటే ఇంతే జరిగింది.

ఏలియాకి చెప్తే మొదట నొచ్చుకున్నాడు. ఆ వెంటనే కళ్లు మెరిశాయి. “అంటే రోజూ తిరుగుద్దన్నమాట!” అన్నాడు. సెలవు పెట్టేసి, చక్కీ గదిలో స్లీపర్లు పాతాడు, చల్లదనానికి నీళ్ల డ్రమ్ము తగిలించాడు, పొగ గొట్టం కిటికీలోంచి వీధిలోకి తీశాడు, బెల్టు తొడిగాడు. వార్త తెలిసి కొండ కింది ఊరి నుంచి సన్నే అనే గోండు ఆవిడ తన మండియా గంపతో వచ్చి మొదటి బేరం తనదేనని గుమ్మంలో కూర్చుంది.

ఇంజను అందుకుంది. రాళ్లు తిరిగాయి. సన్నే గింజలు పోసింది. గింజలు పోసినవి పోసినట్టే, కొంచెం భయపడినట్టుగా, అవతలికి వచ్చి పడ్డాయి.

“ఏంది, నా మర అలిగిందా?” అంది ఎర్రమ్మ.

ఏలియా తల గోక్కున్నాడు. ప్రభువు పాట ఒకటి సగం పాడుకున్నాడు. బెల్టుని చూశాడు, రాళ్లని చూశాడు, నెత్తి కొట్టుకున్నాడు. వ్యాను ఇంజను తన ధోరణిలో తాను తిరుగుతోంది, చక్కీ పాపం వెనక్కి నడుస్తోంది. ఆపి, బెల్టుకి మధ్యలో ఒక మెలిక వేసి మళ్లీ తొడిగాడు. ఈసారి పిండి వచ్చింది. వెచ్చగా, కమ్మగా, గాలిలోకి లేచి మా అందరి కనుబొమ్మలూ నెరిపించేసింది. సన్నే పిండి వేళ్ల మధ్య రాసి చూసి, ఎర్రమ్మతో గోండీలో ఏదో అంది. ఇద్దరూ నన్ను చూసి నవ్వారు. అర్థం అడగలేదు. నా గురించి జనం మంచి మాట అనుకుంటారనే ఆశ నాకు ఇప్పటికీ లేదు.

ఆ తరవాత వారాలు ఎలా గడిచాయో చెప్పడం కష్టం, ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు కాబట్టి. కరెంటు పోయినప్పుడల్లా వీధి నిండా లైను కట్టేది. హల్బీలో అడిగినవాళ్లకి హల్బీలో, హిందీలో అడిగినవాళ్లకి హిందీలో, నోరు పనిచేయనంత చప్పుడైతే చేతులతో దేవుడమ్మ జవాబు చెప్పేది. ఇంట్లో ఇరవై మాటలు ఆడని మనిషి అక్కడ ఊరందరి సంగతులూ చెప్పగలిగింది. ఏలియా డ్యూటీ దిగగానే వచ్చి, ఇంజను మీద చెయ్యి వేసి, జ్వరం చూసినట్టు చూసేవాడు.

నేను బుధ్రాం షెడ్డులో కారు కింద వెల్లకిలా పడుకున్నాను. తారు డ్రమ్ములు కోసి, సుత్తితో సాపు చేసి, వాటినే నేలగా వెల్డింగు చేశాం. ముందర దూలాలకి పట్టీలు వేశాం. అడుగంతా తారు పూశాం. బుధ్రాం తిట్లన్నీ నాకు అక్కడే పూర్తిగా వచ్చాయి. పెట్రోలు ఇంజను పాతదే ఉంది, తాగుతుంది, తాగనీ అనుకున్నాను. పూర్తయ్యాక సీట్లో కూర్చుని రెండు కాళ్లతో గట్టిగా తన్నాను. నేల తిరిగి తన్నింది.

దసరా కోసం జగదల్‌పూర్ మొదటి ట్రిప్పు మాట్లాడేసుకున్న రోజు. కారు చక్కీ ముందు పెట్టి, బానెట్ ఎత్తి నీళ్లు పోస్తున్నాను. పండగ పిండి కోసం లైను వీధి మలుపు దాకా ఉంది. రామ్మూర్తిగారు వచ్చాడు. ఎవరినో పంపకుండా తానే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో మడిచిన గొడుగు. ఇద్దరు డ్రైవర్లు పండక్కని వెళ్లి రాలేదట, తరవాత తెలిసింది.

ఆయన గుమ్మం దగ్గర నిలబడి దేవుడమ్మని ఏదో అడిగాడు. ఇంజను హోరులో ఆవిడకి వినపడలేదు. పిండికి వచ్చిన మనిషే అనుకుంది. చేత్తో లైను చివర చూపించింది. ఆయన మళ్లీ అరిచాడు. ఆవిడ మళ్లీ చూపించింది, ఈసారి కొంచెం విసుగ్గా. వెనక ఉన్న ఆడవాళ్లు కూడా చేతులు ఊపారు. ఆయన ఒక క్షణం అటూ ఇటూ చూసి, ఏం చేయాలో తోచక, వెళ్లి లైను చివర నిలబడ్డాడు.

నేను బానెట్ చాటు నుంచి చూస్తూనే ఉన్నాను. వెళ్లి పిలవచ్చు. పిలవలేదు. అంత మంచివాణ్ణి కాదు నేను. లైను కదిలింది, ఆయనా కదిలాడు. గుమ్మం దాటేసరికి భుజాల మీదా మీసాల మీదా పిండి పడింది. కాటా ముందుకి వచ్చాక దేవుడమ్మ ఆయన చేతులు చూసింది. గంప లేదు, డబ్బా లేదు. అప్పుడు ముఖం చూసింది. ఆ తరవాత నన్ను చూసింది.

నేను చేతులు తుడుచుకుంటూ లోపలికి వెళ్లాను. ఆయనతో అనాల్సిన మాటలు వేసవి నుంచి తయారు చేసుకుంటున్నాను. బోలెడున్నాయి, మంచి పదునైనవి. ఆయన నా చెవి దగ్గర నోరు పెట్టి, “సీటు...” అని అరిచాడు. మిగతాది ఇంజను మింగేసింది. నేను నోరు తెరిచాను. నా మాటలూ అదే మింగుతుందని అర్థమైంది. నోరు మూసుకుని, అడ్డంగా తల ఊపాను. అంతే. ఆయన నిలువుగా ఒకసారి తల ఊపి, చొక్కా దులుపుకుంటూ మెట్టు దిగాడు.

దేవుడమ్మ కాటా మీంచి వంగి నన్ను “ఏటి?” అన్నట్టు చేయి తిప్పింది. ఏం లేదన్నాను. వినపడలేదు, మళ్లీ తిప్పింది. ఆయన వెనక లైన్లో నిలబడ్డ గంగె అనే ఆవిడ ఖాళీ అయిన చోటులోకి ఒక అడుగు జరిగి, తన గంప తీసి తూకం వెయ్యమని నా చేతుల్లో పెట్టింది.